మెడలో అట్ట

తార్నాకలో ఉమాపతి సార్ ఇంగ్లిష్ కోచింగ్‌కు ఒక రూలుంది. ఇచ్చిన మాటతో వాక్యం తప్పు చెప్పినవాళ్లు ఆ మాట రాసిన అట్టను మెడలో వేసుకుని, క్లాసయ్యేదాకా బోర్డు పక్కన నిలబడాలి. అలాగైతేనే ఇంగ్లిష్ ఒంటబడుతుందని సార్ నమ్మకం.

ఆ సోమవారం మాట ‘పిల్లరీ’. అంటే నలుగురిలో నిలబెట్టి పరువు తీయడం. గోల్నాక నుంచి వచ్చే వాసంతి తడబడింది. అట్ట మెడలో పడింది. క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది దివాకర్. ఆమె కనిపించే చోటు చూసుకుని రోజూ బెంచీ పట్టే మహానుభావుడు! బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

మర్నాడు వాసంతి క్లాసుకు రాలేదు. సాయంత్రం యూనివర్సిటీలో, ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర వానకు ఆగి కనిపించింది. దివాకర్ తడుస్తూనే పరుగెత్తాడు.

“సారీ వాసంతీ.”

“నవ్వింది అందరి ముందట. సారీ మాత్రం చాటుగనా?”

“రేపు క్లాసుల చెప్త. నువ్వు రా.”

“తలుపు కాడ నిలబడ్త. నువ్వు చెప్పకుంటే గట్లనే బస్సెక్కి పోత. మళ్ల కనబడ.”

రాత్రి ఒకసారి క్లాసు ఎగ్గొడదామా అనుకున్నాడు. అయినా ఆమెను పోగొట్టుకోదలచుకోలేదు. బుధవారం సార్ రాగానే లేచి నిలబడ్డాడు.

“పిల్లరీకి వాక్యం చెప్త సార్. మొన్న మనం వాసంతిని పిల్లరీ చేసినం. అందరికన్న గట్టిగ నేనే నవ్విన.” అదే ఇంగ్లిష్‌లోనూ చెప్పాడు. “కరెక్టేనా సార్?”

సార్ మొహం ఎర్రబడింది. “వాక్యం కరెక్టే. కూర్చో.”

“వాక్యమే కరెక్టు సార్. పని తప్పు.”

గోడ మేకుకు వేలాడుతున్న అట్ట తీసి తనే మెడలో వేసుకుని బోర్డు పక్కన నిలబడ్డాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. తలుపు దగ్గర నుంచి వాసంతి నేరుగా వచ్చి ఆ అట్టను తీసేసింది.

“ఇది నేను తీస్కపోత సార్. ఇగ ఎవ్వరి మెడల వెయ్యొద్దు.”

సార్ ఖాళీ మేకు వైపు చూశాడు. “తీస్కపో అమ్మా,” అన్నాడు.

క్లాసయ్యాక మళ్లీ వాన. బస్టాప్ నిండా జనం. వాసంతి అట్టను ఇద్దరి తలల మీదికీ పట్టింది.

“ఇంకోటి కూడ అందరి ముందట చెప్దామనుకున్న,” అన్నాడు దివాకర్. “ఇప్పుడు చెప్పనా? నువ్వంటే నాకు...”

“ఆగు!” వాసంతి చుట్టూ చూసి, అట్టను ఇద్దరి మొహాల మీదికీ వంచింది. “గదొక్కటి చాటుగ చెప్పు.”