పలకల షెడ్డులో తెల్లచీర

“మొగుడు బతికుండంగానే ఇంట్లో తెల్లచీర ఆరేసినావేందే!”

మాలకొండమ్మ గొంతు వీధి మొదటి దాకా వినిపించింది. దండెం మీద ఆరుతున్న కోడలి చీరను లాగి వాకిట్లోకి విసిరేసిందామె. పద్మజ వంగి చీర తీసుకుంది, దుమ్ము దులిపింది. ఎదురింటి వాళ్లు పని ఆపి చూస్తున్నారని తల ఎత్తకుండానే ఆమెకు తెలుసు!

“ఈ రోజు పౌర్ణమి కదత్తా. ధ్యానం కాడ అందరూ తెల్లవే కట్టుకుంటారు. ఆడోళ్లు, మొగోళ్లు, ఉన్నోళ్లు, లేనోళ్లు... అందరూ ఒకటే.”

“అందరూ బాయిలో దూకితే నువ్వూ దూకుతావా? నా కొడుకు పోవాలని మొక్కుకున్నావా ఏంది!”

లోపల్నుంచి దగ్గు వినిపించింది. ఆదిశేషు బయటికి వచ్చాడు. రాతిపలకల ఫ్యాక్టరీలో కోత మిషన్ మీద పనిచేసే మనిషి. తలమీద సన్నటి బూడిదరంగు పొడి ఎంత కడిగినా పోదు.

“మూడేండ్ల నుంచి పోతన్నావు. నేనేమన్నా అన్నానా? బుద్ధుడికి మొక్కు, కండ్లు మూసుకుని కూర్చో, నాకేం అడ్డం లేదు. కానీ ఆ చీర కట్టుకుని గడప దాటినావో... మళ్లీ ఈ గడప తొక్కేది లేదు!”

అన్ని రోజులూ వదిలేసి ఈ రోజే ఈ మాట అనాలా! కంభం రోడ్డు పక్కన మూతపడిన పలకల షెడ్డులో ధ్యానం మొదలుపెట్టిన కరుణాకరం మాస్టారు పోయిన వారం పద్మజను పిలిచి, “ఈ పౌర్ణమికి గంట నువ్వే కొట్టాలమ్మా, అందర్నీ ధ్యానంలో కూర్చోబెట్టేదీ, గంట కొట్టి లేపేదీ నువ్వే” అన్నాడు. ఎనిమిదో తరగతి తప్పిన పద్మజ! నలుగురిలో నోరు తెరవడానికి భయపడే పద్మజ! ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వారం రోజులుగా దాన్ని కొంగున ముడేసుకున్నట్టు లోలోపల దాచుకుని తిరిగింది.

ఆ షెడ్డుకు ఆమె మొదట పోయింది దేవుడి కోసం కాదు. గుండెదడ కోసం. ఉన్నట్టుండి ఊపిరి అందేది కాదు, అరచేతులు చల్లబడేవి. ఒంగోలు తీసుకుపోయి పరీక్షలన్నీ చేయించారు. గుండెకేమీ లేదన్నారు. తాయెత్తులు కట్టించారు, దిష్టి తీయించారు. చివరికి షెడ్డు గోడ మీద ‘అందరూ రావచ్చు’ అని సున్నంతో రాసి ఉంటే చూసి, భయపడుతూనే లోపలికి వెళ్లింది. శ్వాస వస్తుంటే చూడు, పోతుంటే చూడు అన్నారు. అంతే. చూడగా చూడగా, బావిలో నీళ్లు తేరుకుని అడుగు కనిపించినట్టు, ఒకరోజు ఆ భయం అడుగున ఏముందో కనిపించింది. దాన్ని కూడా ఎవరికీ చెప్పలేదు. చెప్పగూడని మాట అది...

ఇప్పుడు చెప్పింది.

“అత్తా, మామ పోయిననాటికి నేనీ ఇంటికొచ్చి ఏడు నెలలు. ఆయనా ఆ పలకల పొడికే దగ్గి దగ్గి పోయినాడు. పదకొండో రోజు నీ గాజులు పగలగొట్టి, నీకు తెల్లచీర కట్టి, గుమ్మం పక్కన కూర్చోబెట్టినారు. నేను తలుపు చాటున నిలబడి చూసినా. ఆ రోజు నుంచి నీ కొడుకు దగ్గినప్పుడల్లా నాకు ఊపిరాడదు! పద్దెనిమిదేండ్లు... నీ చీరను చూసి భయపడినానత్తా! పొద్దున లేస్తానే నీ మొగం చూడాలంటే భయపడినా! మనిషిని చూసి కాదు... ఆ గుడ్డను చూసి! ధ్యానం కాడికి గూడా మూడేండ్లు రంగుచీరలోనే పోయినా. ఈ రోజు దాన్ని నా చేతుల్తో నేనే కట్టుకోవాలనుకున్నా. భయం పోనీకి. అంతే!”

మాలకొండమ్మ తన తెల్లచీర కొంగును కొత్తగా చూస్తున్నట్టు చూసుకుంది. అంత పెద్ద మాట అనేశానే అని పద్మజ కళ్లు తుడుచుకుంది. కానీ ఆగలేదు. చీర కట్టుకుంది. బొట్టు దిద్దుకుంది. గడప దాటింది.

షెడ్డులో అప్పటికే నలభై మంది దాకా చేరారు. చాపల మీద అంతా తెలుపే. రాచర్ల నుంచి గొర్రెల్ని తమ్ముడికి అప్పగించి వచ్చిన కాటమరాజు, రిటైరైన టీచర్ సరస్వతమ్మ, కాలేజీ పిల్లలు, ఆటోలు ఆపి వచ్చిన ఇద్దరు. గోడవారగా బుద్ధుడి చిన్న బొమ్మ. దాని పక్కన దూలానికి తాడుతో వేలాడదీసిన మందపాటి పలక. ఇత్తడి గంట కొనలేక ఫ్యాక్టరీ వదిలేసిన రాతినే వేలాడదీశారు. అందరూ దాన్ని గంట అనే అంటారు.

పద్మజ కొయ్యసుత్తి అందుకుంది. తల ఎత్తేసరికి... గుమ్మంలో మాలకొండమ్మ! వెనక రోడ్డు మీద బండి ఆపుకుని ఆదిశేషు!

అయిపోయింది. ఇంతమందిలో జుట్టు పట్టి లాక్కుపోతారు... పద్మజ గుండె దడదడలాడింది. ఊపిరి వస్తోంది. చూసింది. పోతోంది. చూసింది.

మాలకొండమ్మ లోపలికి అడుగు పెట్టింది, ఆగిపోయింది. నలభై తెల్లబట్టలు! అందరి మీదా కళ్లు తిప్పుతూ నిలబడిపోయింది. పద్దెనిమిదేళ్లుగా ఏ పెళ్లికి పోయినా, ఏ పేరంటానికి పోయినా ఆమె చోటు గుమ్మం పక్కనే. అలవాటు కొద్దీ అక్కడే గోడకు ఒదిగింది.

నుదుట రూపాయంత బొట్టుతో ముందు వరుసలో ఉన్న సరస్వతమ్మ పక్కకు జరిగింది. “ఆడ నిలబడినావేంది వదినా? ముందుకు రా, చోటుంది.”

“నేనా?... ముందరికా?”

“నువ్వే! త్వరగా రా, నీ కోడలు గంట కొట్టబోతాంది.”

మాలకొండమ్మ చెప్పులు విడిచింది. వరుసల మధ్యగా నడిచి వచ్చింది. ఎవరూ తల తిప్పుకోలేదు. ఎవరూ ఎదురొచ్చిందని అనలేదు. చాప మీద కూర్చుంది.

పద్మజ సుత్తి ఎత్తింది. ఎడమచేత్తో పలకను గట్టిగా పట్టుకుని నడుమ కొట్టింది. డబ్ మని మొద్దు చప్పుడు. వెనక పిల్లలెవరో నవ్వు ఆపుకున్నారు. పద్మజ మొహం మాడిపోయింది.

మాలకొండమ్మ ఉండలేకపోయింది. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో కూర్చుని, వేలితో తట్టి చప్పుడు విని, మంచి పలకను ఒక పక్కకు, బీటలున్నదాన్ని ఒక పక్కకు ఏరిన మనిషి ఆమె!

“రాయి మంచిదేనే! నువ్వు గట్టిగా పట్టుకుంటే ఎట్ల మోగుతాది? చెయ్యి తియ్. నడుమ కాదు... అంచు మీద, మెల్లగా.”

పద్మజ చెయ్యి తీసేసింది. అంచు మీద మెల్లగా కొట్టింది.

ఖణ్ మంది! ఆ నాదం రేకుల కప్పు దాకా లేచి, సన్నబడి, సన్నబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా పోయింది. నలభై జతల కళ్లు మూతపడ్డాయి. మాలకొండమ్మ కళ్లు మాత్రం తెరుచుకునే ఉన్నాయి. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. కోడల్నే చూస్తోంది... పద్దెనిమిదేళ్లలో ఎప్పుడూ అలా చూడలేదు. పద్మజ కూడా ఆమె మొహంలోకి, ఆ తెల్లచీరలోకి నేరుగా చూసింది. ఊపిరి ఆడుతోంది!

బయట ఎంతసేపని చూస్తాడు? ఆదిశేషు గుమ్మంలోకి వచ్చాడు. ముందు వరుసలో తల్లిని చూసి బిత్తరపోయాడు. వస్తున్న దగ్గును అరచేత్తో ఆపుకుంటూ, “అమ్మా... పిల్చుకొస్తానని వచ్చి కూర్చున్నావేంది? పోదాం లే” అన్నాడు గొణుగుతూ.

మాలకొండమ్మ వెనక్కి తిరిగింది. వెన్ను నిటారుగా ఉంది. గొంతు తగ్గించిందే గానీ, ఆ మాట షెడ్డు అంతా వినిపించింది.

“చెప్పులు ఆడ ఇడిసి కూర్చో నాయనా. మాట్లాడొద్దు. లేసేదానికి నా కోడలింకా గంట కొట్టలేదు.”