పది ఇరవై నాలుగుకే డెలివర్డ్

"ఇవాళ వెళ్లకే చిన్నీ. నా మనసు కీడు శంకిస్తోంది."

చీమ చెప్పుల పట్టీ బిగించుకుంటోంది. తలెత్తలేదు.

"ఎక్కడో నేల తడిగా ఉంటుంది, జారిపడతావు. కంప్యూటర్లు బాగుచేస్తానంటావు, కరెంటు కొడుతుంది. రోడ్ల మీద ఆ లారీలు చూశావా? మొన్న మోచేతి మీద ఆ మచ్చ ఏంటే అంటే టీ ఒలికిందన్నావు. టీ ఒలికితే అంత గుండ్రంగా కాలుతుందా?"

"అమ్మా, లేటవుతోంది."

"పోనీ ఇదొక్కటి చెప్పు. మధ్యాహ్నం భోజనానికి వస్తావా, రావా?"

చీమ తలుపు తీసుకుని బయటికి నడిచింది.

స్పెషల్ బ్యూరోలో చేరి పదకొండేళ్లయింది. చీమ అన్నది అక్కడ పెట్టిన పేరు. కంటబడకుండా దూరుతుంది, కుడితే వదలదు. ఆ పదకొండేళ్లలో తల్లి రోజూ అడిగే ఆ ఒక్క ప్రశ్నకూ ఆమె జవాబు చెప్పలేదు. చేరిన కొత్తలో తోటి ఏజెంటు ఒకతను 'సాయంత్రం వచ్చేస్తా' అని ఇంట్లో చెప్పి వెళ్లాడు. వాళ్లావిడ ఎంతకాలం వాకిట్లో నిలబడిందో చీమకు తెలుసు. అందుకే మాట ఇవ్వదు. తల్లి మాత్రం రోజూ రెండు కంచాలు పెడుతూనే ఉంటుంది.

తొమ్మిది దాటి పది నిమిషాలు. కళ్లజోళ్ల షాపు.

"దగ్గరి చూపా, దూరపు చూపా?" కౌంటర్లో ముసలాయన అడిగాడు.

"దూరం బాగానే ఉంది. దగ్గరివాళ్లే కనబడటం లేదు."

కోడ్ సరిపోయింది. అద్దాల బీరువా పక్కకు జరిగింది.

వెనక గదిలో చీఫ్ బిస్కెట్లు తింటున్నాడు. బల్ల మీద రెండు ఫొటోలు. రెండిట్లోనూ మనుషులు చనిపోయి ఉన్నారు. ఆ మొహాల మీద బిస్కెట్ పొడి రాలుతోంది. ఆయన చూసుకోలేదు.

"కార్ల డీలర్‌షిప్," అన్నాడు చీఫ్. "ముందు షోరూమ్, వెనక సర్వీస్ సెంటర్. వాళ్ల సిస్టమ్ రోజంతా బయటి సర్వర్లతో లైవ్‌లో మాట్లాడుతుంటుంది. కంపెనీ, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ ఆఫీసు. ఇక్కడ బటన్ నొక్కితే అక్కడ క్షణంలో తెలిసిపోతుంది."

"మూడు సర్వర్లు."

"మూడు నెలలుగా నాలుగోది కూడా చెవి ఒగ్గి వింటోంది. అది ఈ దేశంలో లేదు. వీళ్లిద్దరూ కల్తీ మందుల కేసులో సాక్షులు. ఆ మందులు పంపిన విదేశీ ముఠాదే ఆ సర్వర్. ఇద్దరి కార్లూ అక్కడే సర్వీస్ అయ్యాయి. ఇద్దరికీ షోరూమ్ నుంచి బయల్దేరిన పన్నెండో నిమిషంలో, కొండ మలుపు దగ్గర బ్రేకులు పోయాయి."

"ఎలా?"

"సర్వీస్‌లో ఉండగా బండిలో ఒక పరికరం పెడుతున్నారు. బండి సర్వీస్ వివరాలుండే జాబ్ కార్డు మీద 'డెలివర్డ్' అని పడగానే నాలుగో సర్వర్ గడియారం తిప్పుతుంది. సరిగ్గా పన్నెండు నిమిషాలకు ఆజ్ఞ పంపుతుంది. కానీ బండి తన డీలర్ సిస్టమ్ మాట తప్ప ఎవరి మాటా వినదు. కాబట్టి ఆజ్ఞ మళ్లీ షోరూమ్ గుండానే పోవాలి. నువ్వు పట్టుకోవలసింది అక్కడ."

అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఒకటి ఆమె ముందుకు తోశాడు.

"వైరు తెంపేస్తే పోదా?"

"తెంపితే వాళ్లు జాగ్రత్తపడి ఇంకో దారి వెతుక్కుంటారు. ఇది ఆజ్ఞను మింగేసి, 'అందింది, పనైపోయింది' అని బదులు చెబుతుంది. మింగిందే మనకు సాక్ష్యం. మూడో సాక్షి మందులు పరీక్ష చేసిన ల్యాబ్ మేడమ్. పన్నెండింటికి కోర్టులో ఉండాలి. ఆవిడ కారు నిన్న సర్వీస్‌కి ఇచ్చింది. డెలివరీ పదకొండింటికి."

"ఆవిడకు చెప్పారా?"

"చెబితే కారు తీసుకోదు. తీసుకోకపోతే ఆజ్ఞ రాదు."

"అంటే ఎర."

"సాక్షి," అన్నాడు చీఫ్ ఇంకో బిస్కెట్ తీస్తూ. "లోపల మనవాడొకడున్నాడు. సేల్స్ మేనేజర్. 'ఏసీ ఎక్కువైందా మేడమ్' అంటాడు, అదే గుర్తు. వాడు తమ మనిషని వాళ్లనుకుంటారు. మన మనిషని మనమనుకుంటాం."

"వాడేమనుకుంటాడు?"

చీఫ్ పొడి దులుపుకున్నాడు.

పదింటికి నీలం చొక్కా, మెడలో 'నెట్‌వర్క్ సర్వీస్' కార్డు, పెద్ద కళ్లజోడుతో చీమ షోరూమ్‌లో అడుగుపెట్టింది. అద్దంలా తుడిచిన నేల. కార్ల మీద పడే వెలుగు అందమే. గోడవారన కాఫీ మిషన్ కింద ట్రే తీసి చూస్తే మాత్రం వారం రోజుల మడ్డి. ఇలాంటి చోట కాఫీ తాగేవాళ్లను చూస్తే ఆమెకు భయం వేస్తుంది. ఏమైనా అయితే?

"ఏసీ ఎక్కువైందా మేడమ్?"

మనిషికన్నా ముందు వాసన వచ్చింది. సినిమా హీరోలా ఉన్నాడు. తెల్ల సూటు, దువ్విన మీసం, చేతికి మెరిసే వాచీ. షోరూమ్‌లో అందరూ అతన్ని సెంటుబాబు అంటారని చీమకు అర నిమిషంలో తెలిసింది. రిసెప్షన్ అమ్మాయి ముక్కు మూసుకుని చెప్పింది.

సెంటుబాబు ఆమెను మేడ మీది సర్వర్ గదికి తీసుకెళ్లాడు. "బయటికి పోయే లైను ఇదే. ఇక్కడ పెట్టేయండి. నాలుగోవాడు మాట్లాడితే మీ డబ్బా మీద లైటు వెలుగుతుంది కదా?"

"ఆ సంగతి మీకెవరు చెప్పారు?"

"మన చీఫ్‌గారే." పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. "పదకొండింటికి వెలుగుతుంది లెండి. అప్పటిదాకా హాయిగా కూర్చోండి."

అతను వెళ్లాడు, వాసన ఉండిపోయింది. చీమ డబ్బా బిగించి, జిడ్డుపట్టిన కీబోర్డును చేతిరుమాలుతో తుడిచి, సిస్టమ్ తెరిచింది.

ఒక్కో కస్టమరుకూ ఒక్కో ఫారం. పేరు, అడ్రసు వరకు సరే. కిందికి పోతే: 'రోజూ ఏ వేళకు బయల్దేరతారు?' 'ఇంట్లో ఎవరెవరుంటారు?' 'పిల్లల స్కూలు ఎన్నింటికి వదులుతారు?' పికప్ సౌకర్యం కోసమట. జనం నమ్మి నింపారు. ఒకావిడ 'మావారు ఊళ్లో ఉండరు, అత్తగారికి చెవులు వినబడవు, గట్టిగా బెల్లు కొట్టండి' అని రాసింది. అదంతా ఆ క్షణమే సముద్రాలు దాటి ఎవడి ఒళ్లోనో పడుతోంది. కన్నవాళ్లకు కూడా చెప్పని సంగతులు!

"ఛీ," అంది చీమ పైకే.

తర్వాత ల్యాబ్ మేడమ్ జాబ్ కార్డు తెరిచింది. తెరిచి, కళ్లజోడు తీసి మళ్లీ చూసింది.

స్టేటస్: డెలివర్డ్. సమయం: 10:24.

గోడ గడియారంలో పదిన్నర దాటుతోంది. డబ్బా మీద లైటు ఒక్కసారి కూడా వెలగలేదు. ఇరవై నాలుగుకు 'డెలివర్డ్' అన్న మాట నాలుగో సర్వర్‌కు పోయి ఉండాలి. ఈ లైనులో పోలేదు. అంటే అది పోయే లైను వేరే ఉంది. సెంటుబాబు ఎవరి మనిషో తేలిపోయింది.

డబ్బా పీకి జేబులో వేసుకుని మెట్లు దిగింది. కింద సర్వీస్ అడ్వైజర్ కాగితాలకు పిన్నులు కొడుతున్నాడు.

"ల్యాబ్ మేడమ్‌గారి బండి డెలివరీ అయిందా?"

"అయినట్టే మేడమ్."

"అయినట్టేంటయ్యా?"

"అంటే... ఇవాళ నెలాఖరు కదా. పదిన్నరకు కంపెనీ లెక్క తీస్తుంది. ఆలోపు ఎన్ని డెలివరీలు చూపిస్తే అంత మంచిది. లేకపోతే పైనుంచి మెయిల్, అందరి ముందూ అక్షింతలు. అందుకని నెలాఖరు రోజున బండి కడగడానికి పంపగానే నొక్కేస్తాం." గొంతు తగ్గించాడు. "సేల్స్‌వాళ్లకు చెప్పకండి. చాడీలు మోస్తారు."

"బండి ఎక్కడ?"

"ఇప్పుడే గేటు దాటింది. మేడమ్‌గారు ముందే వచ్చి కాఫీ తాగుతున్నారు. మా సెంటుబాబుగారు 'ట్రయల్ చూద్దాం రండి' అని ఆవిడ పక్కన కూర్చుని వెళ్లారు. పోతూ పోతూ నాతో 'మేం గేటు దాటాక డెలివర్డ్ నొక్కు' అన్నారు. నాకు నవ్వాగలేదు. ఎప్పుడో నొక్కేశా కదా!"

చీమ వాచీ చూసుకుంది.

సెంటుబాబు లెక్క అర్థమైంది. చీమ ఆవిణ్ని ఆపే వీలు లేకుండా అతనే ముందుగా బయల్దేరదీశాడు. మలుపు రాకముందే ఏదో వంకతో దిగిపోదామనుకున్నాడు. గడియారం గేటు దగ్గర మొదలవుతుందని నమ్మాడు. అది ఆరు నిమిషాల ముందే మొదలైందని తెలియదు. గేటు దాటిన అయిదో నిమిషం నుంచే దిగుడు రోడ్డు. పదీ ముప్పై ఆరుకు బండి సరిగ్గా ఆ దిగుడు మీదే ఉంటుంది, ముందూ వెనకా లారీలతో.

ఇప్పుడు పదీ ముప్పై ఒకటి.

ల్యాబ్ మేడమ్‌కు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. అంతే.

"ఇక్కడ ఇంకో నెట్ లైను ఉందా? మూడు నెలల కింద వేసింది?"

"ఆ, ఉంది. కెమెరాకి అని సెంటుబాబుగారే వేయించారు. కార్లు కడిగేచోట వెనక. అటెవరూ పోరు మేడమ్, కంపు."

చీమ పరుగెత్తింది. నురుగునీళ్ల మీద కాలు జారి మోకాలు పగిలింది. 'నేల తడిగా ఉంటుంది' అన్న గొంతు చెవిలో వినబడింది. లేచింది. గోడ మూల పాత ఇంజనాయిల్ డ్రమ్ములు, వాటి వెనక కాలువ. నల్లటి మడ్డిలో ఎలుక ఒకటి ఉబ్బి తేలుతోంది. ఆ పక్క నుంచే తెల్ల వైరు మడ్డిలోకి దిగింది.

చీమ గాలి బిగబట్టి మోచేతి దాకా చేయి ముంచింది. జిగట. వెంట్రుకలో, పీచో, ఇంకేదో వేళ్లకు చుట్టుకుంది. కింద ప్లాస్టిక్ సంచిలో కట్టిన చిన్న నెట్ పెట్టె తగిలింది.

ముప్పై అయిదు.

సంచి పళ్లతో చింపింది. నోట్లో ఆ రుచి! ఇక జన్మలో పోదేమో. తడి చేత్తో వైరు ఊడదీస్తుంటే చుర్రుమని షాక్ కొట్టింది. అమ్మ చెప్పినవన్నీ వరసగా జరుగుతున్నాయి. మిగిలింది లారీ ఒక్కటే.

వైరు ఒక కొస డబ్బాలో దూరింది. రెండో కొస మడ్డికి జారిపోతోంది. చొక్కాకు తుడిచింది. మళ్లీ జారింది. ముప్పై అయిదు దాటి యాభై ఎనిమిది సెకన్లు. నొక్కింది. టిక్కుమంది.

అదే క్షణాన లైటు ఎర్రగా వెలిగింది. డబ్బాకున్న చిన్న తెర మీద కారు నంబరు, దాని పక్కన రెండే మాటలు: బ్రేక్ ఆఫ్.

డబ్బా ఆ మాటల్ని మింగింది. వాళ్లకు బదులు పంపింది: అందింది, పనైపోయింది.

మింగిందా? లేక ఒక్క సెకను ఆలస్యమై, ఆజ్ఞ దాటిపోయాక ఈ లైటు వెలిగిందా? డబ్బా చెప్పలేదు. చీమ మడ్డి చేతులతోనే ఫోన్ పట్టుకుంది. మోగుతోంది. వెనకే వచ్చిన అడ్వైజర్ విషయం సగం అర్థమై గోడకు ఆనుకున్నాడు. మోగుతోంది. ఎక్కడో రోడ్డు మీద లారీ హారన్ సాగదీసినట్టు వినబడింది. మోగి ఆగింది. మళ్లీ చేసింది. ఆవిడకూ ఇంట్లో ఎవరో కంచం పెట్టుకుని ఎదురుచూస్తూ ఉండి ఉంటారు కదా అనుకుంది చీమ. మళ్లీ చేసింది.

"ఎవరండీ అస్తమానం? నడిపేటప్పుడు నేను ఫోనెత్తను!"

చీమ ఆ కంపులోనే కూలబడింది. "మేడమ్... మీ బ్రేకులు..."

"భేషుగ్గా ఉన్నాయి. లారీ వెనకే బండి ఆపి మాట్లాడుతున్నా. బాగోలేనిది మీ మేనేజరే. 'ఏమయ్యా, నేనింకా కాఫీ తాగుతుంటే పది ఇరవై నాలుగుకే డెలివరీ అయిపోయిందని మెసేజ్ పంపారేం?' అని అడిగాను. వాచీ చూసుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. బ్రేకులు పోతాయి, ఆపు, ఆపు అని తలుపు గీకుతున్నాడు. పోతాయని వాడికెలా తెలుసమ్మా?"

"కోర్టులో కూడా అదే అడగండి మేడమ్. బండి దిగి అక్కడే ఉండండి. మావాళ్లు వస్తున్నారు."

పదకొండుకల్లా సెంటుబాబు జీపులో కూర్చున్నాడు. చెమటకు సెంటు కరిగి గుప్పుమంటే, పక్కన కూర్చున్న కానిస్టేబుల్ తల బయటికి పెట్టాడు. ల్యాబ్ మేడమ్ బ్యూరో కారులో కోర్టుకు వెళ్లింది. ఆవిడ కారు దిగుడు రోడ్డు మీదే ఉంది. సిస్టమ్‌లో మాత్రం అది చక్కగా డెలివరీ అయిపోయిన బండి. ఆ నెల ఆ షోరూమ్‌కు మంచి మార్కులే వస్తాయి.

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్ చీమా! ఆజ్ఞ అక్షరం పోకుండా దొరికింది. చూశావా, ఎర అన్నావు, బతికే ఉందిగా."

"ఈసారి ఎరగా మీరు కూర్చోండి సార్. బిస్కెట్లు నేను తింటాను."

ఫోన్ ఆమే పెట్టేసింది.

కుళాయి కింద చేతులు మూడుసార్లు కడిగింది. జిడ్డు వదల్లేదు. అది ఆయిల్ జిడ్డో, తెర మీద చదివిన ఆ ఫారాల జిడ్డో తెలియలేదు. ఫోన్ మోగింది. అమ్మ.

"చిన్నీ, ఏం కాలేదు కదా? పొద్దున్నుంచీ గుండె దడదడలాడుతోంది. టీవీలో దిగుడు రోడ్డు మీద ట్రాఫిక్ ఆగిందంటున్నారు. నువ్వటు పోలేదు కదా? పోనీలే, చెప్పకు. నువ్వెప్పుడు చెప్పావు గనక. భోజనానికి వస్తావా, రావా?"

చీమ తన చేతులకేసి చూసుకుంది. గోళ్ల సందుల్లో నలుపు. మోకాలి మీద రక్తం ఎండింది. అవతల అమ్మ ఊపిరి వినబడుతోంది. రోజూ అయితే ఈపాటికి 'సర్లే' అని పెట్టేసేది. ఇవాళ పెట్టలేదు.

"వస్తున్నానమ్మా," అంది చీమ. "ముందు సబ్బు తీసి గుమ్మం బయట పెట్టు. కొత్త సబ్బు."