గట్టిగా చెప్పు, వినపడట్లేదు

"నేనడిగింది మీ భాషలో. మీరెందుకు ఇంగ్లీషులో జవాబిస్తున్నారు?"

బేకరీలో వరుసగా నిలబడ్డవాళ్లందరూ తలెత్తి చూశారు. కౌంటరు వెనకున్న ఆస్గర్ చేతిలో రై రొట్టె అలాగే ఉండిపోయింది.

"మీకు సులువుగా ఉంటుందని..." నసిగాడు, ఈసారి డేనిష్‌లోనే.

"నాకు సులువు అక్కర్లేదు. భాష కావాలి."

రొట్టె అందుకుని, తలుపు తోసుకుని, నెస్తాన్ వానలోకి విసవిసా నడిచి వెళ్లిపోయింది.

జార్జియా దేశం నుంచి డెన్మార్క్‌లోని స్వెన్‌బోర్గ్‌కి నర్సింగ్ చదవడానికి వచ్చిన అమ్మాయి ఆమె. మొదటి ఏడాది పాఠాలు ఇంగ్లీషులో గడిచిపోయాయి. ఇప్పుడు ఆసుపత్రి వార్డులో అడుగు పెట్టాలంటే డేనిష్‌లో మౌఖిక పరీక్ష నెగ్గాలి. నెగ్గకపోతే చదువుకి అక్కడితో సరి, పెట్టె సర్దుకోవాల్సిందే.

ఊళ్లో అందరూ మంచివాళ్లే. అదే ఆమెకొచ్చిన చిక్కు. ఆమె నోట ఒక్క మాట తడబడితే చాలు, అయ్యో పాపం అనుకుని ఎదుటివాళ్లు ఇంగ్లీషులోకి దిగిపోయేవారు. బస్సు డ్రైవరూ అంతే, లైబ్రరీలో ఆవిడా అంతే.

మర్నాడు ఆమె బేకరీలోకి రాగానే ఆస్గర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏం కావాలో చెప్పండి. నేను డేనిష్ తప్ప ఇంకేం మాట్లాడను."

నెస్తాన్ చెప్పింది. అతనికి అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది. వెనక వరుస పెరుగుతోంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"తొందరేం లేదమ్మా," అంది వెనకున్న ముసలావిడ. "నాకూ లేదు, నా కుక్కకీ లేదు."

ఎలాగో రొట్టె చేతికొచ్చింది. "నిన్న కాస్త ఎక్కువ మాట్లాడాను," అంది నెస్తాన్.

"అంత కోపంలోనూ వ్యాకరణం తప్పలేదు మీకు."

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది.

"మా తాత ఉన్నాడు," అన్నాడు ఆస్గర్. "ఇంగ్లీషు ముక్క రాదు. చెవులు కూడా అంతంత మాత్రం. ఆయన దగ్గర మీరు తప్పించుకోలేరు."

"తప్పించుకునేదెవరు? ఎప్పుడు రమ్మంటారు?"

ఆ తాత, హోల్గర్, ఒకప్పుడు దీవులకి ఫెర్రీ పడవ నడిపినవాడు. ఇప్పుడు సముద్రం కనిపించే వృద్ధుల ఇంట్లో ఉంటున్నాడు.

"హోల్గర్ గారూ, ఎలా ఉన్నారు?"

"ఏమిటీ?"

"ఎలా ఉన్నారు, హోల్గర్ గారూ?"

"గారూ లేదు గీరూ లేదు, హోల్గర్ అను. అదైనా గట్టిగా అను! నాలుకనలా బిగబట్టకు. ఎండలో పడుకున్న పిల్లిలా వదిలెయ్."

చలికాలమంతా నెస్తాన్ అక్కడికి వెళ్లింది. ఈదురుగాలి కొట్టినా, వాన ముంచెత్తినా మానలేదు. పేకాడుతూ అరిచింది, ఓడిపోతూ అరిచింది. పక్క గదుల ముసలమ్మలు కాఫీ కప్పులతో వచ్చి చుట్టూ చేరేవారు. ఒకావిడ తప్పులు దిద్దేది, ఇంకొకావిడ కొత్త తిట్లు నేర్పేది. ఆస్గర్ మిగిలిపోయిన బన్నులు పట్టుకొచ్చేవాడు. నెస్తాన్ నవ్వినప్పుడల్లా అతను పేకముక్క తప్పు వేసేవాడు.

"వీడికి చూపు మందగించింది," అని గొణిగేవాడు హోల్గర్.

కాలేజీలో ముందస్తు పరీక్ష పెట్టారు. నెస్తాన్ జవాబులన్నీ నోట్లోనే గొణిగింది. "మాటలు వచ్చాయి గానీ భయం పోలేదు. వచ్చే టర్ముకి చూద్దామా?" అంది టీచరు మెత్తగా.

"లేదు. ఈ టర్ములోనే పరీక్షకి కూర్చుంటాను."

తడిసి ముద్దయి బేకరీకి వచ్చింది. జరిగింది విని ఆస్గర్, "కాస్త ఆగు..." అన్నాడు.

"నువ్వూ ఆగమంటున్నావా!"

"ఈ వేడి బన్ను తినేదాకా ఆగమంటున్నాను. తిన్నాక తాత దగ్గరికి పోదాం."

పరీక్ష రోజు పరీక్షకురాలు ఆపరేషనంటే భయపడే రోగిగా నటిస్తూ కూర్చుంది. నెస్తాన్ ఊపిరి పీల్చుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆమె చెయ్యి పట్టుకుంది. "దేనికి భయపడుతున్నారో నాకు చెప్పండి! మీరు చెప్పేదాకా నేనెక్కడికీ వెళ్లను!"

పరీక్షకురాలు ఉలిక్కిపడి, నవ్వాపుకుంది. "నాకు బాగానే వినపడుతోందమ్మా."

సాయంత్రం వృద్ధుల ఇంటి గుమ్మంలోనే అరిచింది నెస్తాన్. "నెగ్గాను!"

చప్పట్లు మోగాయి. ఎవరో అక్కడి వేడుకల్లో పెట్టినట్టు కాఫీ బల్ల మీద చిన్న చిన్న జెండాలు నిలబెట్టారు. ఫెర్రీలో వెళ్లాల్సిన ఒక దీవి ఆసుపత్రిలో వార్డు ఇచ్చారనీ, సోమవారమే వెళ్లాలనీ ఆమె చెప్పేసరికి ఆస్గర్ ముఖం వాడిపోయింది. ఆమె పక్కకి వంగి ఏదో గొణిగాడు.

"ఏమంటున్నాడు?" అడిగాడు హోల్గర్.

"ఏం లేదు తాతా."

"గట్టిగా చెప్పు, వినపడట్లేదు!"

"నాకూ వినపడలేదు," అంది నెస్తాన్. అది పచ్చి అబద్ధం.

ఆస్గర్ లేచి నిలబడ్డాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. "నెస్తాన్ అంటే నాకు ప్రేమ అంటున్నాను! ప్రతి ఆదివారం ఫెర్రీ ఎక్కి వస్తానంటున్నాను!"



"ఈ మాటకి చలికాలమంతా పట్టిందా నీకు?" అన్నాడు హోల్గర్. "నువ్వేమంటావమ్మా?"

నెస్తాన్ ఆస్గర్ చెయ్యి పట్టుకుని ముసలాయన చెవి దగ్గరికి వంగింది. "రమ్మంటున్నాను, హోల్గర్! ఆదివారం దాకా ఎందుకు, సోమవారం నా పెట్టెలు మొయ్యడానికే రమ్మంటున్నాను!"

హోల్గర్ తృప్తిగా తలూపాడు.

"మొయ్యడం వాడికి బాగానే వచ్చు. మాట్లాడ్డం మాత్రం నువ్వే నేర్పాలి."