కడచూపుకు పిలవని మనవరాలు

"ఆ పిల్లకి ఎవరైనా సెప్పేస్తే ఏటవుతాదిరా?" కొడుకు ముందు కాఫీ గ్లాసు పెడుతూ కూర్మమ్మ పైకే అనేసింది.

అత్తగారు దాలమ్మ మొన్ననే పోయింది. విజయనగరం హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతున్న కూతురు రేఖకు ఆ కబురు చెప్పలేదు. రేఖను చంకనేసుకుని పెంచింది ఆ మామ్మే. పిల్ల ఏడ్చి ఏడ్చి పడిపోతే? పరీక్ష తప్పితే? ఒక్కతే బస్సెక్కి వస్తుంటే దారిలో ఏదైనా అయితే? ఎవరూ నోరెత్తొద్దని కూర్మమ్మే ఇంటిల్లిపాది దగ్గరా మాట తీసుకుంది.

ఫోన్ చూస్తున్న పృథ్వీరాజ్ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"దానికి తెలిసిపోయిందమ్మా. మామ్మ ఫొటోకి దండేసి ఎవరో స్టేటస్ పెట్టీసారు. ఇదిగో, ఇది రేఖ పెట్టింది. 'లెఫ్ట్ ఔట్ ఇన్ ది కోల్డ్' అంట."

"అంటే ఏట్రా? సచ్చిపోతానందా?"

"కాదమ్మా! అందరూ ఒక్కటైపోయి, ఒకర్ని మాత్రం దేంట్లోనూ కలపకుండా బయటుంచేస్తే ఇంగ్లీషులో అలాగంటారు. మా ఆఫీసులో నాకు సెప్పకుండా మీటింగెట్టుకుంటే నేనూ అదే అంటాను."

"దాన్ని మనమేటి బయటుంచాం? దాని మంచికే గదా!"

"మంచికో సెడ్డకో, కడసూపుకి పిలిసావా? నువ్వొద్దన్నావు, నేను నోరు మూసుకున్నాను. అదే అది రాసింది."

కూర్మమ్మ ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచ్చాఫ్. అనుకోకూడనివన్నీ మనసులో మెదిలాయి. చీరైనా మార్చుకోకుండా గజపతినగరంలో బస్సెక్కింది.

హాస్టల్ గది తలుపు లోపలి గడియ వేసి ఉంది.

"ఒలమ్మా, బేగి తలుపు తియ్యే! తిట్టు, కొట్టు, ఏటైనా సెయ్యి... తలుపు మాత్రం తియ్యి!"

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. కళ్లు వాచిపోయి రేఖ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"ఒక్కటి సెప్పమ్మా. మామ్మ నన్నడిగిందా?"

అడగలేదని అబద్ధమాడితే సరిపోతుంది, పిల్లకు కాస్త బరువు దిగుతుంది. ఉన్నమాట చెబితే ఇక జన్మలో తన మొహం చూస్తుందో లేదో. వరండా చివర ఎవరిదో బకెట్ నిండి పొర్లిపోయింది. ఎవరో వచ్చి కుళాయి కట్టేసి వెళ్లారు. రేఖ కదల్లేదు. పిల్ల మంచికనుకుని కూర్మమ్మ ఒకసారి దాచింది. ఇప్పుడు మళ్లీ దాస్తే, ఆ గుమ్మం ముందు తనే పిల్లను ఇంకోసారి బయటుంచినట్టు.

"అడిగిందమ్మా," అంది చివరికి. "రేఖొచ్చిందేటి, రేఖొచ్చిందేటి అని గుమ్మంకేసి సూస్తూనే పోయింది. నేనే నిన్ను పిలవలేదు."