అడుగుతీగలు

అద్దకం షెడ్డు వెనకున్న ఆ ఇంటి ముందు నుంచి, దీపాలు పెట్టాక ఎవరూ నడవరు. బుర్రమామ్మ పోయిన కొన్నాళ్లకి మొదలైందట లోపల మూలుగు. ఆవిడ కమానుతో వాయించిన సొరబుర్ర వాయిద్యం ఇంకా గోడకే వేలాడుతోంది... తాకే ధైర్యం ఎవరికుంది?

దాన్ని తెచ్చుకోవడానికే బయలుదేరింది గుండీలు కుట్టే పిల్ల. భయపడే తీరిక ఎక్కడ — ఒళ్లు మండిపోతోంది!

మామ్మ దగ్గర ఆ వాయిద్యం నేర్చుకుని, దాని మీదే మాట మాటా పేర్చి, తను వరస కట్టుకున్న పాట అది. అక్క మొగుడు స్టేజీ ఎక్కి ‘నా సొంత పాట’ అని పాడేశాడు.

‘‘బావా, అది నాది,’’ అంటే ఇకిలించాడు.

‘‘గోడలకి చెవులుంటాయి మరదలా, నేనేం చెయ్యను? అయినా చివరి చరణం లేని పాటకి హక్కేమిటి? పూర్తి చేసినవాడిదే పాట. రేపటి స్టేజీకి నేనే కట్టేస్తా.’’

ఆ చరణమే ఆమెకి ఎంతకీ కుదరడం లేదు. మామ్మ వాయిద్యం చేతికొస్తే ఈ రాత్రికే కుదురుతుందేమో.

మామ్మ ఇచ్చిన తాళంచెవి తిప్పింది. తలుపు కిర్రుమంది. లోపల చీకటి...

ఊఁ... ఊఁ...

మూలుగు కాదు. తన పాట!

‘‘ఎవరది?’’

తడుముకుంటూ వెళ్లి వాయిద్యం మీద చెయ్యి వేసింది. పెద్దతీగ కదలడం లేదు. దాని కింద సన్నతీగలు మాత్రం వణుకుతున్నాయి.

అప్పుడు వినిపించింది — గోడ అవతల షెడ్డులో బావ సాధన.

‘‘అడుగుతీగల్ని మీటక్కర్లేదే పిల్లా,’’ అనేది మామ్మ, ‘‘వాటి శ్రుతిలో ఎవరు పాడినా అవే పలుకుతాయి.’’

‘‘దొంగవెధవ! శ్రుతి కూడా మార్చుకోలేదు!’’

వీధి వీధంతా హడలిపోయిన దెయ్యం ఇదన్నమాట. కోపంలోనే నవ్వొచ్చింది.

అవతల బావ ఆగాడు. అంతవరకే కదా వాడికి వచ్చింది. అడుగుతీగలు సద్దుమణిగాయి.

నిశ్శబ్దం...

పెద్దతీగ పలికింది.

కమాను పెట్టి లాగితే తప్ప పలకని తీగ. కమాను మేకుకే ఉంది. ఆమె చేతికింద తీగ మెల్లగా, స్పష్టంగా, చివరి చరణం వరస ఎత్తుకుంది. ఇన్నాళ్లూ తను పైకి తీసుకెళ్లి చెడగొడుతున్న చోట, అది నెమ్మదిగా కిందికి దిగింది.

చెయ్యి తియ్యలేదు.

‘‘మామ్మా,’’ అంది పళ్లు బిగించి, గోడ అవతలికి వినబడకుండా, ‘‘ఇంకొక్కసారి...’’

తీగ మళ్లీ మొదలెట్టింది.