స్టేడియం గోతిలో ఉసురు

పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది... ఆషాఢ అమావాస్య! సంధ్యాసమయం ఇంకా రాకముందే పెదవరప్పాడు పట్టణం మీద చీకటి దిగింది. కారుమేఘాల వెనక కృశించిన సూర్యబింబాన్ని రాహువు కొంచెం కొంచెంగా మింగుతున్నాడు... గోదావరి కాలువ నీళ్ళు ఇనుప రంగుకు తిరిగాయి. గూటికి చేరాలో వద్దో తెలియని కాకులు గుంపుగా లేచి స్టేడియం గ్యాలరీ మీద గిరికీలు కొడుతున్నాయి. గ్యాలరీ కప్పు కింద కాపురం పెట్టిన గుడ్లగూబ మాత్రం తన వేళ ముందే వచ్చిందనుకుని ఒక్కసారి కూసింది. జనం పట్టుస్నానాలు చేసి, ఊరగాయ జాడీల మీద దర్భపోచలు వేసి, తలుపులు బిగించుకున్నారు. నడిబజారులో నరమానవుడు లేడు.

ఆ బజారులో చిట్టియ్య తన భార్య రామతులసి చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. ఆమెను ఎక్కడికి తీసుకెళ్తున్నాడో అతనికి తెలుసు. ఇలాంటప్పుడు మనిషికి భయం వేయాలని కూడా తెలుసు. వేయడం లేదు, అంతే.

వాళ్ళు వెళ్తున్నది స్టేడియం పక్కనున్న గోతికి. ఒకప్పుడు అక్కడ ప్రహరీగోడను ఆనుకుని వరసగా రేకుల కొట్లుండేవి. చిట్టియ్య అద్దె సైకిళ్ళ షాపు, దాని పక్కనే రామతులసి పూలబల్ల, ఆ పక్కన అప్పారావు సోడాకొట్టు. ఆటలున్న రోజుల్లో ఊపిరి పీల్చుకోవడానికి తీరికుండేది కాదు. ఆ కొట్లన్నీ పీకేసి, స్టేడియం కాంప్లెక్సు అని మూడంతస్తుల భవనం కడతామన్నారు. లిఫ్టు కూడా ఉంటుందన్నారు. పీకించుకున్నవాళ్ళకే ముందుగా షాపులిస్తామన్నారు. కాంట్రాక్టరు గణేష్‌బాబు పెద్ద గొయ్యి తవ్వించి, నాలుగు వరసల స్తంభాలు లేపి, అక్కడితో చేతులు దులుపుకున్నాడు. ఇనుపచువ్వలు తుప్పు పట్టాయి. గోతిలో వాననీళ్ళు నిలిచి తూటికాడ అల్లుకుంది. ఏటా ఆగస్టు పదిహేనున స్టేడియంలో జెండా ఎగరేసిన పెద్దమనిషి ఎవరైనా సరే, వచ్చే ఏటికల్లా పూర్తవుతుందని మైకులో చెప్పి, గొయ్యి కనపడని గేటు గుండా వెళ్ళిపోయేవాడు.

మొదట్లో ఊరు ఊరుకోలేదు. ధర్నాలు చేసింది, బస్సులు ఆపింది, బంద్ చేసింది. ఆడవాళ్ళయితే పొద్దున్నే గోతి గట్టుకు వచ్చి, పిడికెడు మన్ను తీసి గణేష్‌బాబు ఇంటివైపు ఎత్తిపోసి, మా ఉసురు తగులుతుందిరా అని తిట్టి గానీ పొయ్యి వెలిగించేవారు కాదు. ఆ మన్ను మొట్టమొదట ఎత్తింది రామతులసే. అలాంటిది, ఒక అమావాస్య దాటాక ఊరికి కోపం రావడం మానేసింది! ఎందుకు మానేసిందో ఎవరూ ఆలోచించలేదు. కోపం పోయిందే అని బాధపడడానికి కూడా కాస్త కోపం కావాలి కదా. కొట్లవాళ్ళు గోడ పక్కన టార్పాలిన్లు కట్టుకుని కూర్చున్నారు. ఎండకు ఎండారు, వానకు తడిశారు.

ఆ మరుసటేడు వానల్లో చిట్టియ్య కూతురు హైమ, స్టేడియం గోడ దాటి వచ్చిన బంతి తీసిద్దామని వెళ్ళి గోతిలో పడి ప్రాణం పోగొట్టుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల. చిట్టియ్యే దిగి పైకి తెచ్చాడు. ఒళ్ళు తుడిచాడు, జుట్టులో తూటికాడ ఆకులు తీశాడు. ఏడుపు రాలేదు. ఊరంతా వచ్చి పాపం అంది. ఆ గొయ్యి ఎవరిదని ఒక్కడూ అడగలేదు. రామతులసి ఒక్కతే గుండె పగిలేలా అరిచి పడిపోయింది... లేచేసరికి ఆమె ఒంట్లో ఆమె ఒక్కతే లేదు!

అప్పటినుంచి మూడేళ్ళు. రామతులసి గోతి గట్టున కూర్చుని, కళ్ళు తేలేసి, రకరకాల గొంతులతో తిట్టేది. ఓసారి ముసలమ్మ గొంతు, ఓసారి మగగొంతు... అన్నీ ఊళ్ళోవాళ్ళవే!

"నా కొట్టు పీకి నా పొట్ట కొట్టాడు, వాడి వంశం నాశనమైపోను" అని ఒకనాడు ఆమె నోట బొంగురుగొంతు వచ్చింది. సోడాకొట్టు అప్పారావు చెవి రిక్కించి విన్నాడు.

"ఈ గొంతు నాదిలాగే ఉందండి" అన్నాడు.

"మీదే అనుకుంటానండి" అన్నాడు చిట్టియ్య.

"ఎంత కోపంగా ఉన్నానో చూడండి" అని అప్పారావు కాస్త వింతపడి, చిట్టియ్యకో సోడా కొట్టిచ్చి, తన టార్పాలిన్ కిందికి వెళ్ళిపోయాడు.

ఆమె చిక్కి శల్యమైంది. తిండి లేదు, నిద్ర లేదు. కిందటి వారం గణేష్‌బాబు అంబాసిడర్ కారు ఆపి చిట్టియ్యను పిలిచాడు. తుని వైపు నుంచి తన గురువుగారు వస్తున్నారనీ, గ్రహణం వేళ గోతి దగ్గరికి తీసుకొస్తే ఆమెకు పట్టింది వదిలిస్తారనీ చెప్పాడు. చిట్టియ్య సరేనన్నాడు. ఎవరేమన్నా సరేననడం అలవాటైపోయింది.

గోతి నడుమ, నీళ్ళు తాకని చిన్న మెరక మీద, రెండు స్తంభాల మధ్య బొగ్గుపొడితో, పసుపుతో, ఎర్రపిండితో వికృతమైన ముగ్గు! ముగ్గు మధ్య నరకపాలం! కంటిగుంతల్లో కుంకుమ... లోపలంతా కూరి కూరి గట్టిపడిన మట్టి... నడినెత్తిన వెంట్రుకవాసి పగులు! దాని ముందు జటలు కట్టిన జుట్టుతో, మెడలో ఎముకల దండతో, చింతనిప్పుల్లాంటి కళ్ళతో కూర్చున్నాడు ఆ క్షుద్రోపాసకుడు. పేరు మాత్రం బుల్లియ్య. తల్లి ముద్దుగా పెట్టుకుని ఉంటుంది.

"కట్టు దాన్ని" అన్నాడు బుల్లియ్య, స్తంభం చూపించి.

చిట్టియ్య నడుం లోతు నీళ్ళలోంచి భార్యను మెరక మీదికి ఎక్కించి, తాడు తీసుకుని కట్టాడు. ముడి మరీ బిగుతుగా పడితే కాస్త వదులు చేశాడు.

"భయపడుతున్నావా?" అని, జవాబు కోసం ఆగకుండా తనే నవ్వాడు బుల్లియ్య. "ఎలా భయపడతావులే. నీ భయం కూడా ఇందులోనే ఉంది." కపాలాన్ని వేలితో టకటకా కొట్టాడు. "మీ ఆడోళ్ళు తిట్టి ఎత్తిపోసిన మన్నంతా ఏరి ఇందులో కూరాను. స్తంభన వేశాను. ఊరి కోపం, ఊరి ఏడుపు, అన్నీ ఇందులో గడ్డకట్టాయి. గణేష్‌బాబుగారు హాయిగా నిద్రపోయారు."

"మరి దీనికిలా ఎందుకైందండీ?"

"కన్నకడుపురా. పిల్ల పోయిననాడు దీని ఏడుపు ముందు నా కట్టు నిలవలేదు. కపాలం చిట్లింది. కారిందంతా దీని ఒంట్లోకి చేరింది. ఇలాంటి గ్రహణం కోసమే మూడేళ్ళు ఆగాను. కపాలంతోపాటు దీన్ని కూడా ఈ గోతిలో దించేశానంటే, ఈ ఊరు ఇక జన్మలో నోరెత్తదు."

"దించేయడం అంటే..."

"ప్రాణంతో."

"అలాగాండీ" అన్నాడు చిట్టియ్య.

వద్దు అనాలి. ఆ మాట ఎక్కడో లోపల ఉంది. అటక మీద పడేసిన పాత పంపులాగా, ఉందని తెలుసు గానీ చేతికి అందడం లేదు. భార్య వైపు చూశాడు. ఎముకల మీద చర్మం, విరబోసుకున్న జుట్టు. ఇంకాసేపట్లో ఇంట్లో ఒక్కడే ఉంటాడు. ఆ సంగతి ఎవరో మూడో మనిషి సంగతిలా అనిపించింది.

మేఘం ఉరిమింది. బుల్లియ్య బీజాక్షరాలు అందుకున్నాడు. హ్రీం... హ్రూం... స్తంభయ స్తంభయ...! ఆ ఘోరనాదానికి గోతినీళ్ళు వలయాలు వలయాలుగా కదిలాయి. స్తంభాల మీది ఇనుపచువ్వలు సన్నగా వణికాయి. గట్టు మీద, కారులో అద్దాలు బిగించుకుని కూర్చున్న గణేష్‌బాబు కళ్ళు మూసుకున్నాడు.

"తాళి కట్టినవాడే వదులుకోవాలి" అన్నాడు బుల్లియ్య. "పిడికెడు మన్ను తియ్యి. దాని నెత్తిన పోసి, నీకూ నాకూ చెల్లు అను. ఆ మాట పడగానే నా శక్తి దాన్ని మింగుతుంది."

చిట్టియ్య వంగి తడిమన్ను పిడికిట పట్టాడు.

రామతులసి నోరు తెరుచుకుంది. గొంతులు... ఒకదాని మీద ఒకటి, ఒకదాన్ని తోసుకుని ఒకటి! గాజుల దుకాణం పెద్దావిడ, అప్పారావు, చెప్పులు కుట్టే ముసలాయన... ఎన్నాళ్ళండీ, ఎన్నేళ్ళండీ, మా పిల్లలేం తినాలండీ... ఊరి గుండెలోని మంటంతా ఆ ఒక్క గొంతులోంచి వెళ్ళగక్కుతూంటే ఆమె మెడనరాలు తాళ్ళలా ఉబ్బాయి! ముక్కులోంచి నెత్తురు కారింది! ఉన్నట్టుండి గొంతులన్నీ ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఇంకొక్క గొంతు మిగిలింది.

"హైమా... అమ్మా హైమా... లేమ్మా, నాన్నను... ఒక్కసారి కళ్ళు తెరువు తల్లీ..."

చిట్టియ్య తల ఎత్తాడు. ఆ గొంతు తనది. ఆ మాటలు తను ఏనాడూ అనలేదు. పిల్లను ఒళ్ళో పెట్టుకుని జుట్టులో ఆకులు తీస్తున్నప్పుడు అనవలసినవి. మూడేళ్ళుగా అవి కూడా ఈ మనిషే మోస్తోంది. అయినా గుండెలో ఏమీ కదలలేదు. కానీ ఏం చెయ్యాలో మాత్రం బోధపడింది. బుల్లియ్య కట్టింది చిట్టియ్య మనసును. చెయ్యి ఖాళీగానే ఉంది. చక్రం వంకరపోతే సరిచేయడానికి సైకిలు మీద ప్రేమ ఉండక్కర్లేదు.

అతను భార్యకు వీపు తిప్పి, పిడికిట ఉన్న మన్నును బుల్లియ్య మీదికి ఎత్తిపోశాడు.

"మా ఉసురు నీకే తగలాలండి" అన్నాడు. అద్దెకిచ్చిన సైకిలు తిరిగొచ్చాక గంట ఏదండీ అని అడిగే గొంతు అది.

బుల్లియ్య వికటాట్టహాసం చేశాడు! "కోపం లేని శాపం ఏం చేస్తుందిరా వెర్రివాడా! ఇప్పుడు నిన్ను..."

ఆ మాట పూర్తి కాలేదు. ఇన్నేళ్ళుగా ఆ కోపానికి పోవడానికి చోటు లేదు. ఇప్పుడు ఒకడు మన్ను పోసి చోటు చూపించాడు! కపాలం ఫెళ్ళున పగిలింది... బుల్లియ్య మంత్రం కోసం నోరు తెరిచాడు. హ్రీం అనబోతే "ఎన్నాళ్ళండీ" అంది నాలుక! హ్రూం అనబోతే "మా పొట్ట కొట్టావు కదండీ" అంది! ముసలమ్మల గొంతులు, మగవాళ్ళ గొంతులు, గుంపుగా, ఊపిరి తీసుకోనీయకుండా అతని గొంతులోంచి దూసుకొచ్చాయి! వాటి వెనక మట్టి... ఎత్తిపోసిన ప్రతి పిడికెడూ లెక్క తప్పకుండా... పళ్ళ సందుల్లోంచి, ముక్కులోంచి, కళ్ళలోంచి ఉబికింది! రెండు చేతులా మట్టి తోడుకుంటూ అతను వెనక్కి వెనక్కి నడిచాడు. కాలు జారింది. నడుం లోతు నీళ్ళే. ఆ నీళ్ళు అతణ్ణి మళ్ళీ పైకి పంపలేదు.

రాహువు విడవకముందే సూర్యుడు అస్తమించాడు. బజారులో ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకోటి. గ్రహణం ఇంకా విడవలేదని ఎవరో లోపల్నుంచి కేకేసినా ఎవరూ ఆగలేదు. తడిబట్టలతో, వట్టికాళ్ళతో ఊరు ఊరంతా స్టేడియం వైపు నడిచింది. అంబాసిడర్ కారు చుట్టూ మూగారు. చెయ్యి ఎత్తలేదు. ముందు అడిగారు.

"ఎన్నాళ్ళండీ గణేష్‌బాబుగారూ?" అన్నాడు అప్పారావు, అద్దానికి మొహం ఆనించి. "మాకు చెప్పి వెళ్ళండి."

వెనక నుంచి ఇంకొకరు అడిగారు, ఇంకా వెనక నుంచి ఇంకొకరు. కొంతసేపటికి అడగడం ఆగి అరుపు మొదలైంది. కారు ఊగసాగింది.

కింద మెరక మీద చిట్టియ్య తాళ్ళు విప్పుతున్నాడు. మొదట అరచేతులు మండాయి. తర్వాత గోతి నీళ్ళ కంపు తగిలింది. ఏళ్ళుగా దాని పక్కనే కూర్చున్నా ఎప్పుడూ తగలలేదు. తర్వాత చేతులు వణికి ఆఖరి ముడి విప్పలేకపోయాడు. రామతులసే తన చెయ్యి లాగేసుకుని, స్తంభానికి జారగిలబడి కూర్చుంది. ఆమె కళ్ళలో ఇప్పుడు ఆమె తప్ప ఎవరూ లేరు.

"తులసీ" అన్నాడు చిట్టియ్య. "మన పిల్ల పోయిందే."

"తెలుసండీ" అంది ఆమె. గొంతు బొంగురుపోయి, వినీవినపడనట్టుగా ఉంది. "మూడేళ్ళయింది."

"నేను ఏడవలేదే. ఒక్కసారి కూడా ఏడవలేదు."

"మీ వంతు కూడా నేనే ఏడ్చానండీ. ఇంక నా దగ్గర లేదు. మీరు ఏడవండి."

అతను ఆమె ఒళ్ళో తలపెట్టి, కూతుర్ని పేరు పెట్టి పిలుస్తూ, ఊపిరాడనంతగా ఏడ్చాడు. గట్టు మీద ఊరి కేకల్లో అది ఎవరికీ వినపడలేదు. రామతులసి కళ్ళు పొడిగానే ఉన్నాయి. అతని వీపు మీద చెయ్యి వేసి, స్తంభానికి తల ఆనించి, మూడేళ్ళ తర్వాత మొదటిసారి నిద్రపోయింది.