బిరడా తీసిన సాయంత్రం

"ఎవలు నువ్వు? మా గోలెం కాడ ఏం జేస్తున్నవ్?"

శ్రీలత గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ. పొద్దున్నించి సిరిసిల్లలో కుట్టుమిషన్ ముందు కూర్చుని, ఇరుకు ఆటోలో తంగళ్ళపల్లికి వచ్చింది. కాళ్ళు కడుక్కుని పడుకోవాలన్నదొక్కటే ఆమె కోరిక. తీరా చూస్తే నీళ్ళ గోలెం పక్కన ఎవరో అబ్బాయి, తడిగుడ్డ చుట్టిన సీసా మీద చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు.

"సీసకు స్నానం జేపిస్తున్న. ఫ్రాన్స్‌ది. మన ఉక్కకు తట్టుకోదు."

"మేం తట్టుకుంటలేమా? జరుగు."

అతను జరిగాడు. అప్పుడు కనిపించింది, ఫోటోలో చూసిన ముఖం. రుద్రంగి సంబంధం, దుబాయి హోటల్‌లో పనిచేసే అరవింద్. ఫోటోలో లేని నలుపు కళ్ళ కింద ఉంది.

"రేపు గద వస్తమన్నరు?"

"వాన పడ్తదని మా అమ్మ ఇయ్యాల్నే గుంజుకచ్చింది," అన్నాడు నవ్వి. "తిట్టుడు అయిపోయిందా, ఇంకున్నదా?"

శ్రీలత సిగ్గుతో గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో పెళ్ళిమాట ఖాయం కావాలంటే రెండు వైపులవాళ్ళూ ఒకే చెంబులోది తాగాలి. ఎప్పుడూ కల్లే. చివరికి పిల్ల, పిల్లగాడు చెరో గుక్క తాగితే ఇక మాట తిరగదు. ఈసారి కల్లుకు బదులు హోటల్‌వాళ్ళు అరవింద్‌కు బహుమతిగా ఇచ్చిన పాత ఎర్ర వైన్.

శ్రీలతకు మాత్రం ఆ గుక్క తాగాలని లేదు. నాన్న మస్కట్‌లో ఉంటాడు. రెండేళ్ళకోసారి వస్తాడు. చిన్నప్పుడు ఆయన తెచ్చే చెప్పులు ప్రతిసారీ ఆమెకు చిన్నవే అయ్యేవి. అమ్మలా ఎదురుచూస్తూ బతకడం తనవల్ల కాదు. ఆ మాట పెద్దల ముందు ఎట్లా చెప్పాలి?

మేనమామ ఎల్లేశం సీసాను దీపానికి అడ్డంగా పట్టి చూశాడు. "కల్లు పొద్దటిది మాపటికే పులుస్తది. నువ్వేమో ఏండ్లనాటిదంటున్నవ్. ఖరాబు కాదా అల్లుడా?"

"ఉంచినకొద్ది రుచి పెరుగుతదంటరు మామా. మా హోటల్ల పెద్ద పెద్దోళ్ళు దీన్ని గ్లాసుల తిప్పుకుంట, వాసన జూసుకుంట గంటసేపు కూసుంటరు."

"మరి తాగుడెప్పుడు?"

అందరూ నవ్వారు. అరవింద్ బిరడా తీసి, "అడుగున మడ్డి ఉంటది, మెల్లగ వంచాలె," అంటుండగానే నానమ్మ ముత్తవ్వ సీసా లాక్కుంది. ముందు పోయిన పెద్దల పేరు మీద నేలకు సాక పోయాలి కదా. వాకిట్లోకి వెళ్ళి, చనిపోయిన తాత పేరు చెప్పి, సీసాను నిలువునా బోర్లించింది. "గిసొంటిది నీకు ఎన్నడు దొరకలే. కడుపునిండ తాగు!"

"అయ్యో అవ్వా! తేటంత పాయె," అన్నాడు అరవింద్ తల పట్టుకుని.

మిగిలిన మడ్డివైన్ చెంబులోకి వచ్చింది. ఎల్లేశం ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. "పచ్చి నేరేడుపండ్లు తిన్నట్టు ఒక్కటే ఒగరు!" చేతులు మారి చెంబు శ్రీలత దగ్గరికి వచ్చింది.

ఆమె తాగలేదు. చెంబులోకే చూస్తూ అడిగింది. "ఇన్నేండ్లు మూసిపెడితే అన్నిటికి రుచి పెరుగుతదా?"

"అన్నిటికి పెరగదు. కొన్ని ఖరాబైతయి," అన్నాడు అరవింద్.

"మరి నన్నెన్నేండ్లు మూసిపెడ్తవ్?"

అరవింద్ తల్లి మల్లక్క చప్పున ముందుకు జరిగింది. "గట్లంటవేంది బిడ్డా? ఊరంత దుబాయికి పోతలేరా?"

"నేను పోను అమ్మా," అన్నాడు అరవింద్ నెమ్మదిగా. "నిలవడి నిలవడి కాళ్ళు పడిపోయినయి. మందికి పోసుడే గని, ఒకలి పక్కన కూసోని తిన్నది లేదు. కోరుట్లల ఫంక్షన్ హాల్ల పని అడిగిన, రమ్మన్నరు. నీకు చెప్పనీకి ధైర్యం చాలలే."

మల్లక్క కొడుకు ముఖంలోకి చాలాసేపు చూసింది. తిడుతుందేమోనని అందరూ ఎదురుచూశారు. "ఎంత చిక్కినవ్ కొడుకా!" అని మాత్రం అంది.

శ్రీలత చెంబెత్తి ఒక గుక్క తాగింది. ముందు ఒగరు. తర్వాత వాన వెలిసిన చెలక మట్టి వాసన. మింగాక ఎప్పటికో నాలుక మీద సన్నటి తీపి. చెంబు అతని చేతికిచ్చింది.

"ఎట్లున్నది?" అడిగాడు.

"నువ్వు తాగి చెప్పు."

"ఎన్నో సీసలు తీసిన. ఒక్కసారి గూడ తాగలే. కండ్లు మూసుకుంటే రుచి మంచిగ తెలుస్తదంటరు." గుక్క తాగి, గుంజకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

అందరూ చూస్తున్నారు. అతను కళ్ళు తెరవడం లేదు. కాసేపటికి తల ఒక పక్కకు వాలింది.

"నిద్రవోయిండు!" ఎల్లేశం పకపకా నవ్వాడు.

బయట చినుకులు మొదలయ్యాయి. మల్లక్క కంగారుగా లేచింది. "ఒరేయ్, లేరా! వాన పెద్దగ కాకముందే రుద్రంగికి పోవాలె!"

శ్రీలత అతని చేతిలోంచి చెంబును మెల్లగా తీసి పక్కన పెట్టింది.

"లేపకుండ్రి అత్తమ్మా," అంది. "పండనియ్యిండ్రి."